టీమ్ జెర్సీ కొనాలనుకుంటున్నారా? బెజవాడలో వేసుకోవాలంటే ఇలా చేయండి

గేరు సైకిల్ కొన్న రెండో నెలలో ఈ పురుగు తొలవడం మొదలవుతుంది. రాత్రిళ్లు టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీ వీడియోలు చూసీ చూసీ అక్కడి మేటి రైడరు పొగాచార్ వేసుకునేలాంటి చొక్కా మనకీ ఒకటుంటే బాగుండు అనిపిస్తుంది, ఫోన్లో వెతుకుతాం, కార్టులో పడేస్తాం, సరిగ్గా డబ్బు కట్టే ముందు వేలు ఆగిపోతుంది. పొద్దున్నే బెంజ్ సర్కిల్ దగ్గర బయల్దేరి మంగళగిరి దాకా వెళ్లి ఇడ్లీ తిని వచ్చేవాణ్ణి, నాకెందుకీ వేషం, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?

నా మాట ముందే చెప్పేస్తాను. కొనుక్కోండి, వేసుకోండి. 18 నంబరు చొక్కా వేసుకుని సందులో ప్లాస్టిక్ బంతికి బ్యాటు ఊపే కుర్రాణ్ణి ఆపి "నువ్వేమన్నా కోహ్లీవా" అని ఎవరైనా అడుగుతారా? అడగరు. ఈ బిడియమంతా మన సైకిల్ వాళ్లదే. పైగా మీరు భయపడే ఆ నలుగురికీ పొగాచార్ ఎవరో తెలియదు, మీ చొక్కాని వాళ్లు చూసే చూపే వేరు. ఆ సంగతి రంగుల దగ్గర చెప్తాను. కాకపోతే కొనే ముందు, కొన్నాక చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, నేను వాటిని వరస తప్పి చేసి డబ్బు తగలేసుకున్నాను కాబట్టి మీకు వరసలో చెప్తున్నాను.

1. ఏది వేసుకోకూడదో ముందు తెలుసుకోండి

టీమ్ జెర్సీ వేరు, గెలుచుకున్న జెర్సీ వేరు. టీమ్ జెర్సీ అంటే జీతమిచ్చే కంపెనీల పేర్లు అచ్చేసిన యూనిఫాం, అంతే. 1954లో ఫియొరెంజో మాగ్ని అనే ఇటలీ రైడరు, సైకిల్ కంపెనీల దగ్గర డబ్బు తగ్గిపోతుంటే, నివియా క్రీము వాళ్లని పట్టుకొచ్చి టీమ్ నడిపాడు. అప్పటిదాకా చొక్కాల మీద ఎక్కువగా సైకిళ్లు, టైర్లు చేసేవాళ్ల పేర్లే ఉండేవి. ఆ తర్వాత ఎవరు పడితే వాళ్లు ఎక్కారు. అలాంటి చొక్కాని మీరు డబ్బిచ్చి మరీ కొని ఊరంతా ఊరికే ప్రచారం చేసిపెడుతున్నారు, సిగ్గుపడాలంటే దానికి పడాలి గానీ "నాకు అర్హత ఉందా" అని కాదు.

గెలుచుకున్నవి అలా కాదు. టూర్‌లో మొత్తం సమయం లెక్కన ముందున్నవాడిది పసుపు జెర్సీ. 1919లో మొదలైంది, పోటీ నడిపిన లోటో పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది కాబట్టి ఆ రంగు పెట్టారంటారు. మొదటిసారి దాన్ని వేసుకున్న యూజెన్ క్రిస్టోఫ్‌ని రోడ్డు పక్క జనం కెనరీ పిట్ట అని ఆటపట్టించారట. ఇటలీలో జరిగే జీరో డి ఇటాలియా పోటీలో గులాబీ రంగు, 1931 నుంచి, అదీ పత్రిక కాగితం రంగే. స్పెయిన్‌లో జరిగే వుయెల్టా పోటీలో 2010 నుంచి ఎరుపు. టూర్‌లోనే తెలుపు మీద ఎర్ర చుక్కలది కొండలెక్కే మొనగాడిది, ఆకుపచ్చది పాయింట్లలో ముందున్నవాడిది. వీటన్నిటికీ పైన ప్రపంచ ఛాంపియన్ వేసుకునే ఇంద్రధనుస్సు జెర్సీ ఉంది, తెల్ల చొక్కా, ఛాతీ చుట్టూ నీలం, ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు. గెలిచినవాడు దాన్ని మళ్లీ ఛాంపియన్‌షిప్ జరిగేదాకా వేసుకుంటాడు, ఆ తర్వాత మెడపట్టీకీ చేతుల అంచులకీ ఆ రంగులు పెట్టుకునే హక్కు ఎప్పటికీ మిగులుతుంది. అలాంటిదాన్ని 1,500 రూపాయలకి కొని పునుగులు తినడానికి వేసుకెళ్తే పోలీసులేమీ పట్టుకోరు గానీ, తెలిసినవాళ్ల గుంపులో కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒకప్పుడు స్పెయిన్‌లో ఒన్సే అని ఒక టీమ్ ఉండేది, వాళ్ల యూనిఫామే పసుపు. టూర్‌కి వచ్చినప్పుడు మాత్రం ముందున్నవాడి చొక్కాతో కలిసిపోకుండా గులాబీ రంగు వేసుకునేవాళ్లు. వాళ్లే రంగు మార్చుకున్నప్పుడు మనకేం నొప్పి.

నాదొక మినహాయింపు ఉంది. కొండవీడు ఘాట్ రోడ్డు కాలు కింద పెట్టకుండా పైదాకా తొక్కినవాళ్లు చుక్కల జెర్సీ వేసుకుంటే నేను చప్పట్లు కొడతాను.

పాత టీములవి ఇంకా మంచివి. ఒకప్పటి ఛాంపియన్ మెర్క్స్ వేసుకున్న మోల్తేని టీమ్ నారింజ రంగు జెర్సీ, 80ల్లో టూర్ విజేతలు ఇనో, లెమాండ్ వేసుకున్న లా వీ క్లేర్ టీమ్ రంగుల గళ్ల జెర్సీ లాంటివి ఇప్పటికీ దొరుకుతాయి, ఇప్పటి టీమ్ చొక్కాలా ఏడాదికే పాతబడవు, ఎందుకంటే అవి పాతవే. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలం నాటి యూఎస్ పోస్టల్ జెర్సీ మాత్రం ఆలోచించి కొనండి. డోపింగ్ చేశాడని 2012లో అతని ఏడు టూర్ టైటిళ్లూ రద్దయ్యాయి, దాన్ని వేసుకుని వెళ్తే ప్రతి టీ దగ్గరా అదే చర్చ, టీ చల్లారిపోతుంది.

2. రంగుని మన ఊరి కళ్లతో చూడండి

దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే ఎక్కువ చెప్తున్నాను. మన రోడ్ల మీద జెర్సీ మీది పేర్లు ఎవరూ చదవరు, రంగు చూస్తారు. రంగుకి మన దగ్గర ఎప్పటి నుంచో అర్థాలు ఖాయమైపోయి ఉన్నాయి.

నేను మొదట కొన్నది పసుపూ నలుపూ కలిసిన టీమ్ జెర్సీ. ఉండవల్లి సెంటర్లో టీ తాగుతుంటే పక్కనున్న పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూసి "మీటింగ్ ఎక్కడ బాబూ" అన్నాడు. నేను సైకిల్ టీమ్ అని చెప్తే "అదే, మనవాళ్లదేగా" అని నా టీ డబ్బులు కూడా ఇవ్వబోయాడు. అదే చొక్కాతో ఇంకో ఊళ్లో ఇంకో రకం చూపులు పడ్డాయి. అమరావతి రోడ్ల మీద పసుపు వేసుకున్నా, నీలమూ ఆకుపచ్చా కలిసింది వేసుకున్నా మీరు సైక్లిస్టు కారు, కార్యకర్త. ఎన్నికల రోజుల్లో అయితే ఆ రెండు రకాలూ బీరువాలో పెట్టేయండి.

నలుపు కొన్నారా, కార్తీకంలో వేసుకుని చూడండి. టీ కొట్టువాడు "స్వామీ, చక్కెర తక్కువా ఎక్కువా" అంటాడు. మా స్నేహితుడొకడు నల్ల జెర్సీ వేసుకుని గుంటూరు అరండల్‌పేటలో ఆమ్లెట్ అడిగితే బండి మీదాయన గరిటె ఆపి, "స్వామీ, తప్పు కదా" అన్నాడట. ఎర్ర జెర్సీ దసరాకీ, దీక్ష విరమణల రోజుల్లోనూ వేసుకుని కనకదుర్గ గుడి కింద నుంచి వెళ్తే భవానీల వరసలో మీరూ ఒకరు, చెప్పులు వేసుకున్నారేమిటని అడిగినా అడుగుతారు. ఇవన్నీ సరదా సంగతులే, గొడవలేమీ కాలేదు. కానీ "నన్ను చూసి పెద్ద రేసర్ననుకుంటున్నానని నవ్వుతారేమో" అనే టెన్షన్ నాకు ఆ పెద్దాయన టీ దగ్గరే పోయింది.

ఇక సరదా కానిది. మే నెలలో ఎండ తప్పించుకోవాలంటే చీకటితోనే బయల్దేరాలి, డిసెంబరులో ఆరున్నర దాకా తెల్లారదు, అంటే మన తొక్కుడులో సగం చీకట్లోనే. కరకట్ట రోడ్డు సన్నం, ఇసుక ట్రాక్టర్లు వస్తుంటాయి, కొన్నిటికి ఒక్కటే లైటు. అక్కడ నలుపో ముదురు నీలమో వేసుకుంటే మీరు రోడ్డులో కలిసిపోతారు. కాబట్టి లేత రంగో, కొట్టొచ్చినట్టు కనిపించే రంగో తీసుకోండి, వెనక ఎర్ర లైటు పెట్టుకోండి. ఎండకీ లేత రంగే నయం. నలుపు మీద చెమట ఆరాక ఉప్పు గీతలు మ్యాపు గీసినట్టు తేలతాయి, ప్రకాశం బ్యారేజీ దిగేసరికి నా వీపు మీద కృష్ణా జిల్లా, గుంటూరు జిల్లా రెండూ కనిపిస్తున్నాయని మా ఆవిడ అంది.

3. కొలత తీసుకోండి, అద్దాన్ని నమ్మకండి

కొలిచే టేపు తెచ్చుకుని ఛాతీ బాగా వెడల్పున్నచోట, ఊపిరి బిగపట్టకుండా కొలవండి. తర్వాత పొట్ట. మనలో చాలామందికి రెండోదే పెద్దది, దాని ప్రకారమే సైజు తీసుకోండి. సెంటీమీటర్ల పట్టిక చూడండి గానీ ఎల్, ఎక్స్ఎల్ అక్షరాలు చూడకండి. మామూలు చొక్కా ఎల్ వేసుకునేవాళ్లకి రేసు కొలత జెర్సీ ఎక్స్ఎల్ పట్టొచ్చు, చైనా నుంచి వచ్చే నకళ్లయితే రెండు సైజులు పైకి కూడా పోవాల్సి వస్తుంది. ఆడవాళ్లకి కట్ వేరు, మగవాళ్లదే చిన్న సైజు తీసుకుంటే భుజాల దగ్గర వదులు, తుంటి దగ్గర బిగువు అవుతుంది, వాళ్ల కోసం కుట్టినదే అడగండి.

వచ్చాక అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుంటే ముందు భాగం పొట్టిగా ఉంటుంది, బొడ్డు కనిపిస్తుందేమో అనిపిస్తుంది. కంగారుపడి తిరిగి పంపకండి. అది వంగి కూర్చునే మనిషి కోసం కుట్టిన చొక్కా, ముందు పొట్టి, వెనక పొడుగు. సైకిల్‌ని గోడకి ఆనించి ఎక్కి హ్యాండిల్ పట్టుకుని వంగి చూడండి. వీపు మీద ముడతలు పోయి, పొట్ట దగ్గర గుడ్డ పోగుపడకుండా ఉంటే సరిపోయినట్టే. తర్వాత వెనక మూడు జేబుల్లో అసలు సరుకు పెట్టండి. ఒకదాంట్లో ఫోను, ఒకదాంట్లో ట్యూబూ టైరు ఊడదీసే లివర్లూ, ఒకదాంట్లో చక్రకేళి పండు. అటూ ఇటూ ఊగండి. జేబులు తోకలాగా కిందికి సాగిపోతే చొక్కా వదులు, పండు తీయడానికి చెయ్యి వెనక్కి పెట్టినప్పుడు భుజం పట్టేస్తే బిగువు. పండు ఎప్పుడూ పక్క జేబులోనే పెట్టండి, మధ్య జేబులో పెట్టి మర్చిపోయి కుర్చీలో వెనక్కి వాలినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు.

జిప్పు కింది దాకా ఉన్నదే కొనండి. మన ఉక్కకి సగం జిప్పు చొక్కా ఒక శిక్ష, చెమటకి ఒంటికి అతుక్కుపోయినదాన్ని తల మీంచి లాగడానికి ఇంకో మనిషి కావాలి.

4. అసలా, నకలా

టీమ్‌కి కుట్టే కంపెనీల నుంచి వచ్చే అసలు జెర్సీ యూరోప్ నుంచి తెప్పించుకుంటే చొక్కా ధర ఒక ఎత్తు, రవాణా ఖర్చూ కస్టమ్స్ సుంకమూ ఇంకో ఎత్తు. ఇంట్లో ఆ అంకె చెప్పలేం. నకలు రెండు వేల లోపే దొరుకుతుంది. నేను 1,800 పెట్టి ఒక ఆన్‌లైన్ అంగట్లో కొన్నాను, పైన చెప్పిన పసుపు నలుపు చొక్కా అదే. మూడు ఉతుకులకి వీపు మీద అక్షరాలు పొట్టు లేచిపోయాయి. ఒక ఆదివారం మంగళగిరి చేరేసరికి జిప్పు పట్టాలు తప్పింది, రన్నరు పైన ఉంది, పళ్లు కింద విడిపోయాయి, నేను బనియను లేని ఛాతీతో నరసింహస్వామి గుడి ముందు నిలబడ్డాను. పూలు కట్టే ఆవిడ నా అవస్థ చూసి జాకెట్టుకి పెట్టుకున్న పిన్నీసుల్లోంచి రెండు తీసి ఇచ్చి, "ఇంత పల్చటి గుడ్డకి ఎంతిచ్చావయ్యా" అంది. ఆరొందలని అబద్ధం చెప్పాను. అదీ ఎక్కువేనంది.

కాబట్టి నకలు కొనాలనుకుంటే ఈ మూడూ చూడండి. అక్షరాలు గుడ్డ మీద అతికించినవా, గుడ్డలోకే ఇంకిన రంగా అని గోటితో గీకితే తెలుస్తుంది, అతికించినది చేతికి మందంగా తగులుతుంది. జిప్పు రన్నరుని పదిసార్లు పైకీ కిందికీ లాగండి. జేబుల మూలల్లో కుట్టు రెండు మూడుసార్లు వేశారా చూడండి. ఈ మూడూ బాగుంటే పేరు నకలైనా చొక్కా పనికొస్తుంది. అసలుది కొనాలనే పట్టుదల ఉంటే సీజన్ అయిపోయాక కొనండి, కొత్త ఏడాదికి స్పాన్సర్లూ డిజైన్లూ మారిపోతాయి కాబట్టి పాతవి ధర తగ్గిస్తారు.

మీరు ఓ పదిమంది కలిసి తొక్కుతుంటే ఇంకో దారి ఉంది. సొంతంగా అచ్చేయించుకోండి. క్రికెట్ టీములకి చొక్కాలు చేసేవాళ్లు చేస్తారు, కానీ వాళ్లు వాడే గుడ్డ మందం, వెనక జేబులు కుట్టడం అలవాటు ఉండదు, ముందు ఒక్కటి శాంపిల్ కుట్టించి రెండు వారాలు వాడి చూశాకే మిగతావి చెప్పండి. ఛాతీ మీద మీ బాబాయిగారి మందుల కొట్టు పేరు వేయిస్తే ఖర్చులో సగం ఆయనే పెట్టొచ్చు. మాగ్ని చేసింది కూడా అదేగా.

5. కింద ఏం వేసుకోవాలో చొక్కాకంటే ముందు ఆలోచించండి

నలుగురూ నిజంగా చూసేది ఇక్కడ. టీమ్ జెర్సీకి జోడీగా అదే టీమ్ బిబ్ షార్ట్స్ (భుజాల మీదికి పట్టీలూ, కూర్చునేచోట ప్యాడూ ఉండే బిగుతు నిక్కరు) అవసరం లేదు, సాదా నలుపు చాలు. డబ్బు ఎక్కువ పెట్టాల్సింది మాత్రం దీనికే, ఎందుకంటే చొక్కా బాగోలేకపోతే ఫోటో చెడుతుంది, ప్యాడ్ బాగోలేకపోతే సోమవారం ఆఫీసు కుర్చీలో కూర్చోలేరు. లోపల ఇంకేమీ వేసుకోకూడదు, ప్యాడ్ నేరుగా ఒంటికే తగలాలి, కుట్లు ఒరుసుకుంటే పుండు పడుతుంది. తెల్లది కొనకండి. తడిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

టిఫిన్‌కి ఆగే అలవాటుంటే పల్చటి మామూలు నిక్కరు ఒకటి మడిచి జేబులో పెట్టుకుని, హోటల్ బయటే బిబ్ పైన వేసుకుని లోపలికి వెళ్లండి. ఆదివారం పొద్దున కుటుంబాలతో వచ్చిన హోటల్లో, నెయ్యి కారం ఇడ్లీ ప్లేటు పట్టుకుని మీరు టేబుల్ వెతుక్కుంటూ తిరుగుతుంటే మీ చొక్కా మీద ఏ టీమ్ ఉందో ఎవరూ చూడటం లేదు, నమ్మండి.

6. మొదటి రోజు

ఒక్కరే వెళ్లండి, తెలిసిన దారిలో, ఇరవై కిలోమీటర్లు చాలు. ఎక్కడ ఒరుసుకుంటోందో, చేతుల అంచుల్లో రబ్బరు పట్టీ ఎంత బిగుస్తోందో తెలుస్తుంది. నాకు మొదటి రోజు రెండు భుజాల కింద ఎర్రటి వలయాలు పడ్డాయి, లోపలి నుంచి ఆ పట్టీని ఒకచోట కత్తెరతో చిన్న గాటు పెడితే సరిపోయింది.

ఎవరైనా దాటుకుని వెళ్తారు. ఖాయంగా వెళ్తారు. నన్ను కరకట్ట మీద ఎదురుగాలిలో, లుంగీ పైకి కట్టుకుని వెనక గడ్డిమోపు పెట్టుకున్న ఆయన పాత హెర్క్యులస్ మీద "జరుగు నాయనా" అంటూ దాటేశాడు. ఆయన వెనకే చేరి గాలి తప్పించుకుంటూ వెంకటపాలెం దాకా వెళ్లాను, టీముల్లో వాళ్లు చేసేదీ అదే కాబట్టి ఆ రోజు చొక్కాకి న్యాయం చేసినట్టే లెక్క.

దూరాల మీద మోజు పెరిగి బ్రెవెలకి, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు రైడ్లకి వెళ్తే, 200 కిలోమీటర్లని 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి, చీకటి పడితే చొక్కా పైన మెరిసే జాకెట్ వేసుకోవాలి. వేలు పోసి కొన్న టీమ్ పేరు దాని కింద దాక్కుంటుంది, ముందే మనసు దిటవు చేసుకోండి. ఇక పోటీలకి పేరిస్తే నిర్వాహకుల నిబంధనల్లో దుస్తుల గురించి ఏం రాశారో చదువుకోండి.

7. ఉతుకు

ఇంటికి రాగానే విప్పి చన్నీళ్లలో జాడించండి, ముద్ద చేసి బుట్టలో పడేస్తే మన ఉక్కకి సాయంత్రానికే వాసన పట్టి మళ్లీ వదలదు. జిప్పు మూసి, తిరగేసి, కాస్తంత సబ్బుతో ఉతకండి. బట్టలు మెత్తబడే ద్రావణాలు వాడకండి, చెమట లాగే గుణం పోతుంది. ఇస్త్రీ వద్దు. మేడ మీద తీగకి కాకుండా నీడన ఆరేయండి, గంటలో ఆరిపోతుంది.

నా 1,800 చొక్కా జిప్పు మళ్లీ బాగుపడలేదు. గొలుసు తుడవడానికి పనికొస్తుందని ముక్కలు చేశాను. అది తుడవదు, ఉన్న మురికిని గొలుసంతా పులుముతుంది. ఇప్పుడు పాత కాటన్ బనియన్లే వాడుతున్నాను.